అద్దం మీద మెరుపు, అమ్మమ్మ కన్ను

ప్రశ్న: మా అమ్మమ్మది ఒక్కటే ఫోటో మిగిలింది, అద్దం ఫ్రేములో ఉంది. సంవత్సరీకానికి పెద్ద ప్రింటు వేయిద్దామని ఫోన్‌తో తీస్తే సరిగ్గా ఎడమ కన్ను మీద తెల్లగా మెరుపు పడింది. ఫోటో అద్దానికి అతుక్కుపోయి బయటికి రావడం లేదు. మా అబ్బాయి కంప్యూటర్‌లో బ్రైట్‌నెస్ ఎంత తగ్గించినా ఆ మచ్చ బూడిద రంగుకి తిరుగుతోంది కానీ పోవట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు ఆ ఫోటోని అద్దం నుంచి లాగే ప్రయత్నం మానేయండమ్మా. చెన్నై తేమకి ఫోటో మీదుండే జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోనే తీద్దాం.

మీ అబ్బాయి పనిలో తప్పు లేదు. పూర్తిగా తెల్లబడిన చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వాటి గరిష్ఠ అంకె 255 దగ్గర ఆగిపోయి ఉంటాయి, అక్కడ కన్ను ఉన్నట్టు ఫైల్‌కి తెలియనే తెలియదు, ఇంక తగ్గిస్తే బూడిద రంగే వస్తుంది. మెరుపు వెనక గోడ మీద పడుంటే క్లోన్ స్టాంప్‌తో పక్క భాగం తెచ్చి కప్పేయొచ్చు. ఏఐతో నింపితే చక్కటి కన్నే వస్తుంది, కానీ అది మీ అమ్మమ్మది కాదు. నేనైతే ఆ పని చెయ్యను.

మళ్లీ తీయండి, ఈసారి రెండు. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆపి, ఫ్లాష్ కూడా ఆపి, ఫ్రేముని గోడకి ఆనించి ఫోన్‌ని స్టాండులో బిగించండి. టేబుల్ ల్యాంపు ఎడమ పక్కన బాగా ఏటవాలుగా పెట్టి ఒకటి, అదే ల్యాంపు కుడి పక్కకి మార్చి ఇంకొకటి. మధ్యలో ఫోనూ ఫ్రేమూ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, లేత రంగైతే మీరే అద్దంలో కనిపిస్తారు. అసలు మెరుపే పడకపోతే పని అక్కడితో అయిపోయినట్టే.

పడినా రెండు ఫోటోల్లో ఒకే చోట పడదు కదా, మనకి కావలసింది అదే. ఫోటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే జింప్ (GIMP) అనే సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ ఒకదాని మీద ఒకటి లేయర్లుగా (పొరలుగా) తెరిచి, పైదాని మోడ్‌ని ‘డార్కెన్ ఓన్లీ’కి మార్చండి. ప్రతి చుక్కలోనూ రెండింటిలో ముదురుగా ఉన్నదే మిగులుతుంది కాబట్టి మెరుపు పోతుంది. ముఖం మరీ నల్లబడితే మోడ్ మళ్లీ నార్మల్‌కి తెచ్చి, పై లేయర్‌కి తెల్ల మాస్క్ (నలుపు రాసిన చోట ఆ లేయర్‌ని దాచే ముసుగు) పెట్టి, మెరుపున్న మేరకే మెత్తటి బ్రష్‌తో నలుపు రాయండి, కింది ఫోటోలోని అసలు కన్ను బయటికొస్తుంది.

స్టూడియోకి వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు ఫోటోలా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.