సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి చుడీదార్‌లో వెళ్తే తక్కువగా చూస్తారా?

చూడరు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నువ్వు రాసిన ప్రశ్నంతా ఆ భయం చుట్టూనే తిరుగుతోంది. నరసరావుపేట నుంచి వచ్చావు, బీటెక్ అయింది, వచ్చే వారం గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ, హాస్టల్లో అమ్మాయిలేమో బ్లేజర్ లేకపోతే లోపలికే రానివ్వరన్నట్టు మాట్లాడుతున్నారు, చేతిలో రెండు వేలున్నాయి, పెట్టెలో ఉన్నవన్నీ చుడీదార్లే, వాటిలో వెళ్తే పల్లెటూరి పిల్లలా కనిపిస్తానేమో అని టెన్షన్. అక్కా అని అడిగావు కాబట్టి చనువుగానే చెప్తా.

నేనూ అటువైపు నుంచే వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కున్నదాన్నే. ఇప్పుడు కొన్నేళ్ళుగా మా కంపెనీలో ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఇంటర్వ్యూ అయ్యాక మేం నింపే ఫారంలో ప్రోగ్రామింగ్‌కి ఒక గడి ఉంటుంది, ప్రాజెక్టు గురించి ఎలా చెప్పారన్నదానికి ఒకటి ఉంటుంది, మాట తీరుకి ఒకటి. బట్టలకి గడి లేదు. అలాగని అసలు చూడమంటే అది అబద్ధం. మనిషి తలుపు తీసుకుని లోపలికి వస్తే కనపడకుండా ఎలా ఉంటుంది? కాకపోతే మేం చూసేది చుడీదారా ప్యాంటా అని కాదు, ఆ అమ్మాయి వాటిలో హాయిగా ఉందా, వాటితో కుస్తీ పడుతోందా అని. అది కూడా కావాలని చూడం, కళ్ళు వాటంతట అవే పోతాయి.

అందుకే నా సలహా ఒక్కటే: రోజూ వేసుకునే రకంలోనే కాస్త మంచిది వేసుకెళ్ళు. కాలేజీకి నాలుగేళ్ళూ చుడీదార్‌లో వెళ్ళినదానివి ఆ ఒక్క రోజు కోసం షర్టు ప్యాంటులోకి మారితే, అడిగిన ప్రశ్న మీద ఉండాల్సిన ధ్యాస సగం బొత్తాల మీదే ఉంటుంది. గచ్చిబౌలిలో ఏ ఆఫీసు ముందైనా సాయంత్రం ఆరింటికి నిలబడి చూడు, బయటికొచ్చే ఆడవాళ్ళలో ఎంతమంది కుర్తాల్లో ఉంటారో నీకే తెలుస్తుంది.

బ్లేజర్ సంగతి. కొనకు, అరువు అసలే తెచ్చుకోకు. హాస్టల్లో ఒకే బ్లేజర్ అందరూ తిప్పుకుంటారు, నాకు తెలుసు. దాని భుజం కుట్టు మన భుజం ఎముక దగ్గర ఆగకపోతే మనది కాదని చూడగానే తెలిసిపోతుంది. చేతులు పొట్టి చేయించొచ్చు, నడుము దగ్గర లోపలికి తీయించొచ్చు, భుజం మాత్రం విప్పి కుట్టాల్సిందే, అంత పని చాలామంది ఆల్టరేషన్ టైలర్లు ఒప్పుకోరు. పైగా మా దగ్గర కోడ్ రాయమని బోర్డు దగ్గరికి పంపుతాం, చెయ్యి పైకెత్తితే బ్లేజర్ మొత్తం చెవుల దాకా లేస్తుంది. హోటళ్ళు, ఎయిర్‌లైన్స్, ఎంబీఏ ప్లేస్‌మెంట్లు వేరే లోకం, అక్కడ బ్లేజర్ అడుగుతారు. ఫ్రెషర్‌గా సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళేదానివి, నీకెందుకు?

ఇక ఏ కుర్తా అన్నది. మోకాలు దాటే పొడవు, ముప్పావు చేతులు, ఒకటే రంగు లేదా చిన్న ప్రింటు, కింద లెగ్గింగ్స్ బదులు స్ట్రెయిట్ ప్యాంటు. ఇందులో నేను పట్టుబట్టేది రంగు గురించే. లేత నీలం, బూడిద రంగు బాగుంటాయని అందరూ అంటారు కానీ చెమట పడితే చంకల దగ్గర మచ్చ మొట్టమొదట కనిపించేది ఆ రెండింట్లోనే. తెలుపులో అంతగా తెలియదు, ముదురు నీలంలో తెలియదు, చిన్న ప్రింటులో అయితే అస్సలు తెలియదు. టెన్షన్‌కి ఏసీలో కూడా చెమట పడుతుందమ్మా, అది మనిషన్నాక తప్పదు. కొనేటప్పుడు ట్రయల్ రూములో చెయ్యి పైకెత్తి చూడు, కుర్చీ ఉంటే కూర్చుని చూడు. నిలబడితే బాగున్న కుర్తా కూర్చోగానే పక్క చీలికల దగ్గర పైకి పోతుంటుంది కొన్నిసార్లు.

మంగళగిరి కాటన్ డ్రెస్ ఉందని రాశావు. ఎండాకాలమైతే కళ్ళు మూసుకుని అదే వేసుకోమనేదాన్ని, సన్నంచు ఉన్న మంగళగిరి కంటే హుందాగా కనిపించేది మన దగ్గర ఇంకోటి లేదు, ఇది నా పక్షపాతమే అనుకో. కానీ ఇది వానాకాలం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాటన్ నాలుగు చినుకులు పడేసరికి మెత్తబడి ముడతలు పడిపోతుంది. ముదురు రంగైతే తడిస్తే దిగుతుందేమో ముందే చూసుకోవాలి, ఓ మూల తడిపి తెల్లగుడ్డతో రుద్దితే తెలిసిపోతుంది. కాటన్‌లో కొంచెం పాలిస్టర్ కలిసిన బట్ట ఈ రోజులకి మేలు, ముడత తక్కువ, త్వరగా ఆరుతుంది. పూర్తి పాలిస్టర్ మాత్రం వద్దు, లైట్ల కింద మెరుస్తుంది, చెమట పీల్చుకోదు.

కొత్తది కొంటే సుల్తాన్ బజార్‌లోనో జనరల్ బజార్‌లోనో వెతుకు, నీ బడ్జెట్‌లో దొరుకుతుంది. బ్రాండుకి డబ్బు పెట్టకు, ఫిటింగ్‌కి పెట్టు. కాటన్ అయితే ముందు ఒకసారి ఉతికి ఆరేసి, కుంచించుకునేది కుంచించుకున్నాక అప్పుడు టైలరుకి ఇవ్వు. ముందే ఫిటింగ్ వేయించి తర్వాత ఉతికితే ఇక ఆ డ్రెస్ మీ చెల్లెలికే.

దుపట్టా వేసుకోవాలా అంటే నీ ఇష్టం. వేసుకుంటే ఒక భుజం మీద మడతపెట్టి పిన్ను పెట్టేయ్, జారేది మాత్రం వద్దు, జార్జెట్ అసలు వద్దు. మాట్లాడుతూ మాట్లాడుతూ దుపట్టా సర్దుకునే అమ్మాయిని చూస్తే మాకే అయ్యో అనిపిస్తుంది. గాజుల బదులు వాచీ పెట్టుకో, బల్ల మీద చెయ్యి పెట్టి రాస్తుంటే గాజులు టకటకలాడతాయి. పట్టీలు కూడా మువ్వల్లేనివైతే సరే.

చెప్పుల దగ్గర అందరూ అశ్రద్ధ చేస్తారు, నాకేమో అదే ముఖ్యమనిపిస్తుంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతావు, అక్కణ్ణుంచి ఆటోనో షటిల్ బస్సో, మళ్ళీ ఆ క్యాంపస్ గేటు నుంచి నీ బ్లాకు దాకా నడక, సెక్యూరిటీ దగ్గర విజిటర్ పాస్ కోసం క్యూ, పైకెళ్ళాక పిలిచేదాకా ఎదురుచూపు. కొత్త బెల్లీస్ వేసుకుని ఇదంతా నడిస్తే మడమ దగ్గర కరిచి, లోపలికి కుంటుకుంటూ వస్తావు. కొంటే ఈ రోజే కొను, హాస్టల్లో రోజూ సాయంత్రం వేసుకుని మెట్లెక్కి దిగు. వాన పడేలా ఉంటే మామూలు చెప్పులతో వెళ్ళి, మంచివి కవర్లో పెట్టుకుని రిసెప్షన్‌కి ముందు వాష్‌రూమ్‌లో మార్చుకో. నేను ఇప్పటికీ ఆఫీసుకి అలాగే వెళ్తా.

ఇంత చెప్పినా షర్టు ప్యాంటే వేసుకోవాలని ఉంటే వేసుకో, తప్పేం లేదు, ఇష్టపడి వేసుకుంటే అవీ బాగుంటాయి. ఒక్కటి చూసుకో, రెడీమేడ్ లేడీస్ షర్టులు కూర్చున్నప్పుడు ఛాతీ దగ్గర రెండు బొత్తాల మధ్య తెరుచుకుంటాయి. టైలరుతో లోపల ఒక ప్రెస్ బటన్ కుట్టించుకుంటే ఆ బాధ పోతుంది, పది నిమిషాల పని.

మీ అన్నయ్యకి విజయవాడలో ప్రైవేటు బ్యాంకు ఇంటర్వ్యూ అన్నావు. అక్కడ కథ వేరు, బ్యాంకుల్లో బట్టల్ని నిజంగానే పట్టించుకుంటారు, ఎందుకంటే రేపట్నుంచి అతను కస్టమర్ల ముందు కూర్చోవాలి. ఏ వీడియోలూ చూడక్కర్లేదు, ఆ బ్యాంకు బ్రాంచి ఏదైనా సరే ఒకదానికి వెళ్ళి కౌంటర్ వెనక ఉన్నవాళ్ళు ఏం వేసుకున్నారో చూసి రమ్మను, టై కట్టుకుంటే కట్టుకోమను, లేకపోతే మానేయమను. తెల్ల షర్టో లేత నీలం షర్టో, ఫుల్ హ్యాండ్స్, ముదురు ప్యాంటు, నల్ల బూట్లు, నల్ల బెల్టు. తెల్ల షర్టు కింద తెల్ల బనీను గీత గీసినట్టు కనిపిస్తుంది, బూడిద రంగుది అంతగా కనిపించదు. సాక్సు మాత్రం ప్యాంటు రంగువి, స్పోర్ట్స్ బూట్లలోకి వేసుకునే తెల్లవి కాదు, కూర్చోగానే అవే బయటపడతాయి. కొత్త షర్టుని ప్యాకెట్లోంచి తీసి నేరుగా వేసుకుంటే మడతలు పలకా పలకాగా కనిపిస్తాయి, ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయించమను. ఒకవేళ కోటు కొంటే వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా వేసిన దారం, చేతి మీద కుట్టిన కంపెనీ పేరు పట్టీ కత్తిరించేయాలి, అవి షాపులో ఉన్నన్నాళ్ళే. చాలామంది అవి అలాగే ఉంచుకుని పెళ్ళిళ్ళకి కూడా వెళ్తుంటారులే.

హాస్టల్లో ఎవరో చీర కట్టుకోమన్నారు కదా, అది యూపీఎస్సీ ఇంటర్వ్యూల వీడియోలు చూసి అని ఉంటారు. ఢిల్లీలో ఆ ఇంటర్వ్యూలు జరిగే ధోల్‌పూర్ హౌస్‌కి వెళ్ళే అమ్మాయిల్లో చాలామంది చీరలోనే వెళ్తారు, టీచర్ పోస్టుకి డెమో క్లాసంటే ఇక్కడా చీరే మంచిది. నీకు అవసరం లేదు.

మొదటి రౌండు వీడియో కాల్‌లో ఉంటే సన్న గీతల డ్రెస్, చిన్న గళ్ళ డ్రెస్ వద్దు, కెమెరాలో అలలు అలలుగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. గోడ ఏ రంగో చూసుకుని దానికి భిన్నమైన రంగు వేసుకో. కింద నైట్ ప్యాంటు వేసుకుని కూర్చుంటారు కొందరు, మధ్యలో ఛార్జర్ కోసం లేస్తారు, ఇక నేనేం చెప్పను.

అమ్మ పూలు పెట్టుకోమంటోందని రాశావు. బొట్టు పెట్టుకో, ఎవరూ ఏమీ అనుకోరు. మల్లెపూలు మాత్రం ఆ చిన్న ఏసీ గదిలో ఘాటుగా ఉంటాయి, సెంటు కూడా అంతే. అమ్మకి ఏం చెప్పుకుంటావో నీ తెలివి.

బయల్దేరే ముందు రోజు హెచ్‌ఆర్ పంపిన మెయిల్ ఇంకోసారి చదువు. బిజినెస్ ఫార్మల్స్ అని స్పష్టంగా ఉంటే నేను చెప్పింది పక్కన పెట్టి అదే పాటించు, ఆ మెయిల్‌కే జవాబిచ్చి ఫార్మల్ కుర్తా వేసుకోవచ్చా అని అడిగినా తప్పు లేదు, అలాంటి మెయిళ్ళు మాకు వస్తూనే ఉంటాయి, పర్లేదనే జవాబిస్తాం. రెండో రౌండుకి పిలిస్తే డ్రెస్ ఎలా అని ఇప్పుడే బెంగపడకు, మళ్ళీ అదే వేసుకెళ్ళు, చాలాసార్లు అప్పుడు ఇంటర్వ్యూ చేసేది వేరేవాళ్ళే.