డ్రాయింగ్ సార్ లేని ఊరి బడిలో బొమ్మల ప్రదర్శన ఎట్లా పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న మండల పరిషత్ బడి, అరవై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. డ్రాయింగ్ టీచర్ లేరు, పైసలు తక్కువ. నవంబర్ 14కి పిల్లల బొమ్మలతో ప్రదర్శన పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నేను నల్లగొండ జిల్లాలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. పదేండ్లకు పైగా ఇట్లాంటివి చేయిస్తున్నా. నాకూ బొమ్మలు రావు. బోర్డు మీద ఏనుగు వేస్తే పిల్లలు పందా సార్ అని అడుగుతారు. కాబట్టి ఆ భయం పెట్టుకోకండి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. అప్పట్లో మర్రిగూడ వైపు ఒక ఊరి బడిలో ఉన్నా. ‘మా ఇంట్లోవాళ్లు’ అని చెప్పి బొమ్మలు వేయమన్నాం. నాలుగో తరగతి పిల్ల ఒకతె వాళ్ల తాతను వేసింది. నెత్తికి తువ్వాల, చేతిలో కర్ర, పంచె కింద మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ, పాదాలు మాత్రం చెరో దిక్కుకు. పిల్లకు కాళ్లు వేయడం రాలేదనుకుని రబ్బరు తీసుకుని తుడిచి, నిటారుగా రెండు గీతలు గీసిచ్చా. బాగా చేశాననే అనుకున్నా. ఆ పిల్ల కాగితాన్ని ముందు పెట్టుకుని కాసేపు చూసి, ‘సార్, ఈయన మా తాత కాదు’ అంది.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి తాగి వంకర పోయిన కాళ్లు అవి. ఆ ఊర్లో ఏ అరుగు మీద చూసినా కనిపిస్తాయి. రోజూ చూసేవాడినే, కాగితం మీద గుర్తుపట్టలేదు. చెరిపిన చోట పాత గీత లీలగా కనపడుతూనే ఉంది. పిల్ల దాని మీదే మళ్లీ పెన్సిల్ పెట్టి దిద్దుకుంది. ఆ రోజు నుంచి బొమ్మలు వేసే గంటలో పెన్సిలు, రబ్బరు నా చేతిలో ఉండవు. మీకు నేను చెప్పగలిగిన అసలు మాట ఇదొక్కటే. మిగతావి సామాన్ల ముచ్చట.

రంగులకు డబ్బులు పెట్టకండి, సగం ఊర్లోనే దొరుకుతాయి. గడపలకు పూసే జాజు ఎరుపు. పొయ్యిలో బొగ్గు నలుపు. పసుపు సరే సరి. పసుపు నీళ్లలో తమలపాకుకు రాసే సున్నం చిటికెడు వేస్తే కళ్ల ముందే ఎర్రగా మారుతుంది. మా రెండో తరగతి ఆ రోజు ఇంకే పాఠమూ చెప్పనీయలేదు. సున్నం మీరే వేయండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం. రంగు కాగితానికి పట్టాలంటే తుమ్మ బంక రాత్రి నానబెట్టి వడకట్టి కలపాలి. మన దగ్గర తుమ్మ చెట్లకేం కొదవ! మోదుగ పూలు ఉడకబెడితే మంచి నారింజ రంగు వస్తుంది గానీ అవి హోలీ ముందు పూస్తాయి, నవంబర్‌కు దొరకవు. బీట్‌రూట్ జోలికి పోకండి. రెండు రోజుల్లో గోధుమ రంగుకు తిరిగి పిల్లలు ఏడుస్తారు. పసుపు కూడా ఎండ తగిలితే వెలిసిపోతుంది, ఆ బొమ్మలు నీడ గోడకు పెట్టండి.

మట్టి బొమ్మలు చేయిస్తే చేను మట్టి తేవద్దు. మేము నల్లరేగడితో ఎడ్లు చేయించి ఎండలో పెట్టాం. మధ్యాహ్న భోజనం అయ్యేసరికి ఒక్క ఎద్దుకూ కొమ్ములు లేవు. ఊర్లో కుమ్మరి తాత వచ్చి నవ్వి, ‘చెరువు మట్టి తెండ్రి సారూ, సన్న ఇసుక కలుపుండ్రి, నీడకు ఆరబెట్టుండ్రి’ అన్నాడు. అట్లా చేస్తే నిలిచాయి.

మా బడిలో అందరికీ నచ్చింది గళ్ల నోట్‌బుక్కు పని. లెక్కల గళ్ల కాగితం ఇచ్చి, మూడే రంగులు, గడిలో సగం నింపొద్దు అన్నాం. అంతే నియమం. చేప, దీపం, నెమలి, ట్రాక్టరు, ఒకడైతే సెల్ టవర్ కూడా గళ్లలోకి దించాడు. మూడు రంగులెందుకంటే పుట్టపాక నేతగాళ్లు మగ్గం మీద నేసే తేలియా రుమాలు చూసి. అందులో ఉండేవి ఎరుపు, నలుపు, తెలుపు. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలు నానబెడతారు కాబట్టి ఆ పేరు, హిందీలో తేల్ అంటే నూనె. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గళ్లు అయ్యాక రుమాళ్లకు దారం ముడులేసి రంగులో ముంచాం, ఇదీ పోచంపల్లి చిటికి పనే అని పిల్లలకు చెప్పా. మగ్గం నేసే ఒక తండ్రి విని, ‘కాదు సార్, మేము గుడ్డకు కట్టం, నేయకముందే నూలుకు కట్టి రంగేస్తం, అందుకే అంచులు కలిసినట్టు ఉంటయి’ అన్నాడు. మర్నాడు ఆయన్నే బడికి పిలిచాం. రంగేసిన నూలు లడీ ఒకటి తెచ్చి, ముడి విప్పి చూపించాడు. నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ముడి విప్పిన నిమిషంలో ఎక్కింది.

మీది నల్లగొండకు దగ్గరి ఊరైతే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒకసారి తీసుకెళ్లండి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా ఒకే చోట ఉంటుంది. ఏ స్తంభం నీడో కనిపెట్టమని వదిలేస్తే పిల్లలు ఒక్కో స్తంభం పక్కన నిలబడి చేతులు ఊపుతారు. తిరిగొచ్చాక బడి ముందర మన నీడలు గీయించండి. పొద్దున ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి, అదే పిల్ల, అదే చోటు, ముగ్గు పిండితో. పైసా ఖర్చు లేదు, చూడ్డానికి కూడా బాగుంటుంది.

బతుకమ్మ గురించి మీరు అడగలేదు గానీ, వచ్చే ఏడాదికి గుర్తుంచుకోండి. దసరా సెలవులకు ముందు రోజు బడిలో ఎట్లాగూ పేరుస్తాం. గునుగు పూలకు రంగులద్దడం, తంగేడు వరుస తర్వాత ఏ వరుస రావాలో తేల్చుకోవడం, ఇదంతా చిత్రలేఖనమే. టీచర్లం మేము పేర్చి పిల్లల్ని చుట్టూ నిలబెట్టి ఫోటోలు దిగకపోతే చాలు.

ఇక ప్రదర్శన సంగతి. నవంబర్ అంటే పత్తి ఏరే రోజులు. పగలు పది గంటలకు పెట్టిన ఏడాది మాకు వచ్చినవాళ్లు వంటమ్మలు ఇద్దరు, ఒక వార్డు మెంబరు, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన ఒక ముసలాయన. తర్వాతి ఏడాది సాయంత్రం ఆరున్నరకు వరండాలో రెండు బల్బులు వేసి పెట్టాం. కూలి ఆటోలు దిగి తల్లులు నేరుగా బడికే వచ్చారు, కొంగులకు పత్తి పోగులు అట్లనే ఉన్నాయి. బొమ్మలు పిల్లల కంటి ఎత్తున కట్టండి, పెద్దవాళ్లు వంగి చూస్తారు, ఏం కాదు. ప్రతి బొమ్మ కింద పిల్ల చెప్పిన మాట చిన్న చీటీ మీద ఉండాలి. రాయగలిగినవాళ్లు వాళ్లే రాస్తారు, ఒకటో తరగతికి మీరు రాయండి, తప్పులు దిద్దకుండా. తొలిమెట్టు, అదే చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం సర్కారు పెట్టిన కార్యక్రమం, దాని గురించి అడిగే సార్లు వస్తే ఆ చీటీలే చూపించండి, చదవడం రాయడం రెండూ అందులో ఉన్నాయి.

బహుమతులా? నేను ఇవ్వను. మండలంలో పోటీ పెడితే పంపిస్తా, అది వేరే లెక్క. బడిలో మాత్రం అందరివీ కడతాం, బొమ్మ వేయనని మొండికేసినవాడి ఖాళీ కాగితంతో సహా. వాడి చీటీ మీద ‘వర్షం పడ్డంక చేను’ అని ఉండె. నేనేమీ అనలేదు.

గోడకు ప్లాస్టర్ టేపుతో అంటించకండి, సున్నం పెచ్చులు ఊడి బొమ్మ కూడా పోతుంది. వరండా స్తంభాలకు సుతిలి కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి. క్లిప్పులు కొనడమే మేలు. మేము ఇళ్ల నుంచి తెప్పిస్తే ఎవరివి ఎవరికో తెలియక వారం రోజులు పంచాయితీ నడిచింది. పదకొండు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.