సీపీవీసీ పైపు వంకర లేకుండా కోయాలంటే ఏ కట్టర్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వంటింటికి అరంగుళం, ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకీ పనికొచ్చే ప్లాస్టిక్ పైపు) లైను, సింకు నీళ్లు పోవడానికి 75, బయట 110 మిల్లీమీటర్ల పైపు మీరే వేసుకుంటున్నారు. హ్యాక్సాతో కోస్తే అంచు ఏటవాలుగా వస్తోంది. కట్టర్ కొంటే ఈ బాధ తప్పుతుందా అని అడిగారు.

చిన్న పైపులకు తప్పుతుంది. పెద్దవాటికి మాత్రం కట్టర్ మీద డబ్బు పెట్టకండి.

కొనాల్సింది కత్తెరలా ఉండే రాట్చెట్ కట్టర్. పిడి నొక్కి వదులుతూ ఉంటే బ్లేడు కొంచెం కొంచెంగా దిగుతుంది. మామూలుగా 42 మిల్లీమీటర్ల పైపు వరకు పడుతుంది కాబట్టి ఇంట్లో నీళ్ల లైన్లన్నీ దాంతో అయిపోతాయి. నాది నాలుగు వందల లోపే వచ్చింది. దాంతో ఉన్న పెద్ద సుఖం రజను రాకపోవడం. హ్యాక్సాతో కోసిన రోజుల్లో ఆ రజను పైపులో ఉండిపోయి, నీళ్లు వదిలాక షవర్ రంధ్రాల్లోనో వాషింగ్ మెషిన్ జాలీలోనో చేరేది.

అయితే కట్టర్ పెట్టినంత మాత్రాన కోత తిన్నగా రాదు. దాన్ని వాల్చి పట్టుకుంటే కోతా వాలుతుంది. నేనైతే గీత మీద బ్లేడు ఆనించి ఒక్క నొక్కు నొక్కుతాను. అది కాస్త దిగగానే కట్టర్‌ని పైపు చుట్టూ కొద్దిగా తిప్పుతాను. గాడి పడితే ఇక బ్లేడు పక్కకి జరగదు. ఇంత పట్టింపు ఎందుకంటే, అరంగుళం సీపీవీసీ ఎల్బోలో (మలుపు దగ్గర వేసే అతుకు ముక్క) పైపు లోపలికి వెళ్లేది సుమారు 13 మిల్లీమీటర్లే. కోత 3 మిల్లీమీటర్లు వాలిందంటే ఆ పక్కన సొల్యూషన్ (పైపు అంటించే జిగురు) పట్టే చోటు దాదాపు నాలుగో వంతు పోయినట్టే.

నేను దెబ్బతిన్నది పాత పైపు దగ్గర. మా మామగారింట్లో డాబా మీద పన్నెండేళ్లుగా ఎండలో ఉన్న సీపీవీసీ లైనుకి బాల్ వాల్వ్ మార్చాల్సి వచ్చింది. డిసెంబరు, తెల్లవారి చలి. కట్టర్ నొక్కితే టక్కుమని తెగింది. కోత చూడటానికి శుభ్రంగానే ఉంది. అంటించి సాయంత్రం నీళ్లు వదిలాం. మర్నాడు లేచేసరికి గోడంతా తడి. వాల్వూ బాగానే ఉంది, అతుకూ బాగానే ఉంది. అతుకు కింద వేలెడు దూరంలో పైపు మీద వెంట్రుకంత చీలిక. మామగారు ఒక్క మాట అనలేదు, బకెట్లు మాత్రం తెచ్చి వరసగా పెట్టారు.

ఎండకు పెళుసెక్కిన పైపుని అలా నొక్కి కోస్తే చీలుతుంది. అప్పటినుంచి పాత పైపు దేన్నైనా హ్యాక్సాతోనే కోస్తున్నాను. చీలిక కనబడితే అది ఆగిన చోటు నుంచి ఇంకో రెండు అంగుళాలు దాటి కోసేయాలి, కంటికి కనబడనిది కూడా కొంత ఉంటుంది. బ్లేడు మొద్దుబారితే కొత్త పైపుకీ ఇదే గతి. తెగేముందు పైపు కోడిగుడ్డులా నొక్కుకుపోతోందంటే బ్లేడు మార్చాల్సిందే. చలిరోజుల్లో పైపుని కాసేపు ఎండలో పెట్టి కోస్తే మంచిది.

ఇక పెద్ద పైపులు. వీటికి హ్యాక్సా చాలు, కాకపోతే అంగుళానికి 24 పళ్ల బ్లేడు వేసి, ఫ్రేమ్ చివర బ్లేడుని లాగిపట్టే రెక్క నట్టు బాగా బిగించండి. మీ కోత వంకరపోవడానికి సగం కారణం బ్లేడు వదులుగా ఉండటమే అయి ఉంటుందని నా అనుమానం. మిగతా సగం గీత. కంటి అంచనాతో గుండ్రటి పైపు మీద తిన్నటి గీత ఎవరికీ రాదు. కాగితం పైపు చుట్టూ చుట్టి, అంచు మీద అంచు సరిగ్గా కలిసేలా లాగి పట్టుకుని, ఆ అంచు వెంబడి గీయండి. 75 పైపుకి ఏ4 కాగితం సరిపోతుంది. 110 పైపు చుట్టుకొలత 345 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఏ4 చుట్టిరాదు. నేను పాత గోడ క్యాలెండర్ కాగితం వాడతాను, మందంగా ఉండి ముడతపడదు.

గీత గీశాక ఒకే వైపు నుంచి కిందికంటా కోయకండి. పైపుని తిప్పుతూ గీత పొడుగునా ముందు పైపైన గాడి పెట్టి, తర్వాత లోతుకు దించండి. వడ్రంగులు వాడే మైటర్ బాక్స్ (రంపం తిన్నగా నడవడానికి గాళ్లున్న పెట్టె) కూడా ప్రయత్నించాను. చిన్న పైపులకు బాగుంది, 110 పైపు నా పెట్టెలో పట్టనే లేదు. గ్రైండర్ జోలికి మాత్రం పోకండి. ప్లాస్టిక్ కరిగి అంచుకి ముద్దలు కడుతుంది, ఆ పొగ కూడా మంచిది కాదు.

సింకు కింద గోడకి ఆనుకున్న పైపయితే హ్యాక్సా ఫ్రేమ్ దూరదు. బ్లేడు ఒక్కటే తీసి, ఒక చివర గుడ్డ చుట్టి, పళ్లు మీ వైపు ఉండేలా పట్టుకుని లాగుతూ కోయండి. తోస్తే బ్లేడు వంగుతుంది. అదీ దూరకపోతే గట్టి నైలాన్ తాడు పైపు వెనకనుంచి తిప్పి రెండు చేతులతో అటూ ఇటూ లాగితే రాపిడి వేడికే తెగుతుంది. అంచు అసహ్యంగా వస్తుంది కానీ తెగుతుంది.

దేంతో కోసినా లోపలి పీచు చాకుతో గీకేయండి, బయటి అంచుని ఆకురాయితో కొద్దిగా వాలుగా రుద్దండి. అలా రుద్దకపోతే పదునుగా ఉన్న అంచు సాకెట్ (అతుకు ముక్కలో పైపు దూరే గూడు) లోపల రాసిన సొల్యూషన్‌ని గీకి అడుగుకు తోసేస్తుంది. 110 పైపుకి రబ్బరు రింగు అతుకు వేస్తుంటే ఇది ఇంకా ముఖ్యం, మొద్దు అంచు రింగుని గాడిలోంచి తోసేస్తుంది. అక్కడ సబ్బునీళ్లు రాసి తోయండి, నూనె వద్దు.

సింకు కింద పైపు గోడకి ఎంత ఎడంగా ఉందో చెప్పండి. రెండు వేళ్లు దూరితే బ్లేడు చాలు.