మ్యాథ్స్-ఎకనామిక్స్ డిగ్రీ: ఉన్న డబ్బంతా మొదటి డిగ్రీకే పెట్టేయకండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండూ కలిపి చదువుతానంటోంది. రెండు చోట్ల సీటొచ్చింది, ఒకటి బాగా పేరున్నది, దాని నాలుగేళ్ల ఫీజు రెండోదాని ఫీజుకి దాదాపు డబుల్. నేను ఇంకో 12 ఏళ్లలో రిటైర్ అవుతాను. రిటైర్మెంట్ కోసం దాచింది తీసి ఫీజు కట్టేద్దామా, ఎడ్యుకేషన్ లోన్ పెట్టుకుందామా? అసలు ఈ చదువు మీద పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: నమస్తే అండి. మీరు అడగని ప్రశ్న ఇంకోటుంది, ముందు దాన్నుంచే మొదలుపెడతాను. ఈ డిగ్రీ అయిపోయాక అమ్మాయి ఇంకా చదువుతానంటే అప్పటికి మీ దగ్గర ఎంత మిగిలుంటుంది? ఎందుకంటే ఈ కాంబినేషన్ చదివినవాళ్లలో చాలామందికి అసలైన అవకాశాలు మాస్టర్స్ తర్వాతే తెరుచుకుంటాయి. డిగ్రీతో ఉద్యోగాలు రావని కాదు, బ్యాంకుల్లో క్రెడిట్ రిస్క్, ఇన్సూరెన్స్ కంపెనీల్లో ప్రైసింగ్, డేటా అనలిస్ట్, కన్సల్టింగ్, ఇలాంటి వాటిల్లోకి తీసుకుంటారు, బాగానే ఉంటాయి కూడా. కానీ ఎకనామిస్ట్ అనిపించుకునే పోస్టు, సెంట్రల్ బ్యాంకులో రీసెర్చ్, ట్రేడింగ్ సంస్థల్లో మోడల్స్ కట్టే పని, వీటికి ఎక్కువ చోట్ల మాస్టర్సో పీహెచ్‌డీయో అడుగుతారు. పీహెచ్‌డీకి చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి కాబట్టి దాని గురించి ఇప్పట్నుంచే కంగారు అక్కర్లేదు, మీ మీద పడేది మధ్యలో ఉన్న మాస్టర్సే. అందుకే నేను ఈ కోర్సుకి ప్లాన్ వేసేటప్పుడు నాలుగేళ్లకి వెయ్యను, ఆరేళ్లకి వేస్తాను, మొత్తం చదువు బడ్జెట్ 100 అనుకుంటే మొదటి డిగ్రీ ఖర్చు 60 దాటకుండా చూస్తాను. ఇదేం రూల్ కాదు, నేను పాటించే లెక్క, కానీ దీన్ని దాటాలంటే గట్టి కారణం ఉండాలి.

ఇక ఆ డబుల్ ఫీజు సంగతి. పేరుకి విలువ లేదనను, క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు, సీనియర్ల పరిచయాలు అవన్నీ ఉంటాయి. అయితే ఈ డిగ్రీకి మాత్రం పేరు కంటే ముందు సిలబస్ చూడాలి, ఒకే పేరుతో ఉన్న రెండు కోర్సుల్లో లోపల సరుకు చాలా తేడాగా ఉంటుంది. రెండు చోట్ల నుంచీ నాలుగేళ్ల పేపర్ల లిస్టు తెప్పించుకోండి. క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఎక్కడైనా ఉంటాయి. రియల్ అనాలిసిస్ ఉందా చూడండి, అంటే లెక్క చెయ్యడం కాదు, ఆ లెక్క ఎందుకు నిజమో ప్రూఫ్ రాయడం. ఎకనామిక్స్ పీహెచ్‌డీ అడ్మిషన్లలో ఈ పేపర్లో ఎలా చేశారనేది ప్రత్యేకంగా చూస్తారు. తర్వాత ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాని స్టాటిస్టిక్స్ పద్ధతుల్లో విశ్లేషించే పేపర్) ఒక సెమిస్టర్‌తో సరిపెట్టేస్తున్నారా, రెండున్నాయా, నిజం డేటా మీద కోడ్ రాయించి పని చేయిస్తున్నారా. డేటా నుంచి మనం వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దుందని 1945లోనే మన సి.ఆర్.రావు గారు చూపించారు, క్రామర్-రావు బౌండ్ అంటారు, మ్యాథ్స్ ఎమ్మే చేసి స్టాటిస్టిక్స్‌లోకి వెళ్లిన మనిషి ఆయన. అమ్మాయి ఎకనామెట్రిక్స్ క్లాసులో ఆ పేరు వినకుండా డిగ్రీ పూర్తయిందంటే ఆ కోర్సు పైపైన చెప్పినట్టే. ఈ పేపర్లన్నీ తక్కువ ఫీజు చోట కూడా ఉంటే డబుల్ కట్టడానికి నాకు కారణం కనపడదు.

ఇంకోటి కూడా కనుక్కోండి, అది జాయింట్ డిగ్రీయా, డబుల్ మేజరా, లేక ఎకనామిక్స్ మేజర్‌కి మ్యాథ్స్ మైనర్ తగిలించిందా. జాయింట్ డిగ్రీలో రెండు సబ్జెక్టుల్లోనూ పై స్థాయి పేపర్లు కొన్ని తగ్గిపోతాయి, డబుల్ మేజర్‌లో అన్నీ ఉంటాయి గానీ టైమ్‌టేబుల్ క్లాష్ అయి ఒక సెమిస్టరో ఏడాదో ఎక్కువ పట్టే ప్రమాదం ఉంది, ఏడాది ఎక్కువ పట్టిందంటే ఆ ఏడాది ఫీజుతో పాటు ఆ ఏడాది రావాల్సిన జీతం కూడా పోయినట్టే కదండీ.

మీరు నన్ను డబ్బు ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు, చిత్రంగా మీ అమ్మాయి రెండో ఏడాదిలో నేర్చుకోబోయేది కూడా సరిగ్గా అదే. రెండు వస్తువులు, ఒక్కోదాని ధర 1, చేతిలో 10 ఉంది, రెండిటినీ గుణిస్తే వచ్చే సంఖ్యే మన తృప్తి అనుకుందాం. చెరో 5 కొంటే 25, అంతకు మించి రాదు. చేతిలో ఉన్నది దాటకుండా వీలైనంత ఎక్కువ రాబట్టే లాగ్రాంజ్ పద్ధతిలో ఈ లెక్క చేస్తే పక్కన లాంబ్డా అని ఇంకో సంఖ్య వస్తుంది, ఇక్కడ అది 5. చేతిలో ఇంకొక్కటి ఉండుంటే తృప్తి సుమారుగా ఎంత పెరిగేదో అది చెబుతుంది, 11 ఉంటే ఐదున్నర చొప్పున 30.25 వస్తుంది, అంటే 5.25 పెరిగింది, లాంబ్డా చెప్పినదానికి దగ్గరే. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్ అనే గణితవేత్తని ఒక ప్లైవుడ్ సంస్థ వాళ్లు ఏ మెషీన్ మీద ఏ కలప వేస్తే సరుకు ఎక్కువొస్తుందని అడిగితే ఆయన ఇలాంటి సంఖ్యల్నే వాడి దారి చూపించాడు, ఉన్న వనరుల్ని ఎలా పంచితే ఎక్కువ ఫలితమో తేల్చే లీనియర్ ప్రోగ్రామింగ్ అలా మొదలైంది, 1975లో ఆయనకి ఇంకో ఎకనామిస్ట్ కూప్‌మన్స్‌తో కలిపి ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. మీ ఇంటి లెక్క కూడా ఇంతే, మీ దగ్గరున్న చివరి భాగం డబ్బుని పేరున్న యూనివర్సిటీ ఫీజులో పెడితే ఎంత లాభం, అదే డబ్బు మాస్టర్స్ కోసం ఉంచితే ఎంత, రిటైర్మెంట్ ఫండ్‌లోనే వదిలేస్తే ఎంత, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నాకైతే ఫీజులో పెట్టిందే అన్నిటికంటే తక్కువ ఇచ్చేలా కనిపిస్తోంది.

ఇప్పుడు లోన్. ఏటా 25 చొప్పున నాలుగేళ్లలో 100 తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకోండి. చదువుకునేటప్పుడు ఏమీ కట్టకుండా వదిలేస్తే, వడ్డీ ఏటా అసల్లో కలిస్తే, నాలుగో ఏడాది చివరికి అప్పు 127.6 అవుతుంది. దాన్ని పదేళ్లలో ఈఎమ్‌ఐగా కడితే మొత్తం 202 దాకా కడతారు. అలా కాకుండా ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాది మీరు కట్టేస్తుంటే, అంటే మొదటి ఏడాది 2.5, తర్వాత 5, 7.5, 10, మొత్తం 25, అప్పు 100 దగ్గరే ఆగుతుంది, ఈఎమ్‌ఐల మొత్తం 159, మీరు కట్టిన 25 కలిపినా 184. అంటే మీ జీతంలోంచి నెల నెలా కాస్త పక్కన పెడితే చివర్లో 18 పైనే తగ్గుతుంది, అంతకంటే ముఖ్యంగా అమ్మాయి మొదటి జీతం మీద పడే ఈఎమ్‌ఐ ఐదో వంతుకి పైగా తగ్గుతుంది. ఉద్యోగం మొదట్లో ఆ తేడా చాలా పెద్దది, నచ్చని ఉద్యోగాన్ని ఈఎమ్‌ఐ కోసం పట్టుకుని వేలాడాల్సిన అవసరం ఉండదు.

మీరు ఇక్కడ అడగొచ్చు, లోన్ వడ్డీ 10 అయితే నా రిటైర్మెంట్ ఫండ్ 8 శాతమే ఇస్తోంది, సొంత డబ్బు వాడటమే చవక కదా అని. రేట్లు మాత్రమే చూస్తే నిజమే అండి. కానీ 8 శాతం దగ్గర 12 ఏళ్లలో 100 అనేది దాదాపు 252 అవుతుంది, అది మీ వృద్ధాప్యం మొత్తానికి ఆధారం, దాన్ని ఒకసారి తీశాక అంత తిరిగి పెట్టే టైమ్ మీకు లేదు. అమ్మాయికి ముందు మూడు నాలుగు దశాబ్దాల సంపాదన ఉంది. పైగా లోన్ ఉంటే నాలుగేళ్ల తర్వాత మీ చేతిలో డబ్బు మిగిలినప్పుడు ముందే కట్టేసి క్లోజ్ చేసుకోవచ్చు, ప్రీపేమెంట్ పెనాల్టీ లేకుండా ఉండేలా సంతకం పెట్టేముందే చూస్కోండి. చదువు కోసం అప్పిచ్చేవాళ్లు దొరుకుతారు, రిటైర్ అయిన మనిషికి నెలవారీ ఖర్చుల కోసం అప్పిచ్చేవాళ్లు దొరకడం కష్టం. కాబట్టి ఫండ్ ముట్టుకోవద్దు, తక్కువ ఫీజు సీటు తీసుకోండి, అసలుకి లోన్, వడ్డీ మీ జీతంలోంచి.

డబ్బు తిరిగొస్తుందా అన్నారు, ఎంతొస్తుందో లెక్కగట్టి చెప్పలేను గానీ ఈ చదువులో ఒక భద్రత ఉంది. మొదటి రెండేళ్ల పేపర్లు మ్యాథ్స్‌కి, స్టాటిస్టిక్స్‌కి, ఎకనామిక్స్‌కి మూడిటికీ పనికొస్తాయి, రెండో ఏడాదిలో ప్రూఫ్‌లు తన వల్ల కాదనిపిస్తే (లెక్కలు ఇష్టపడే పిల్లలు కూడా చాలామంది అక్కడే తడబడతారు, అందులో సిగ్గుపడేదేం లేదు) పెద్దగా నష్టం లేకుండా స్టాటిస్టిక్స్ వైపో ఎకనామిక్స్ వైపో మారొచ్చు. అలాగే యాక్చువరీ (ఇన్సూరెన్స్ రిస్క్ లెక్కగట్టే నిపుణుల) పరీక్షల మొదటి పేపర్లు ప్రాబబిలిటీ, ఫైనాన్షియల్ మ్యాథ్స్, తను క్లాసులో చదివేదానికి చాలా దగ్గర. చదువుతుండగానే ఒకటి రెండు పాసైతే ఇన్సూరెన్స్ కంపెనీల్లో చేరడం తేలికవుతుంది, మిగతా పరీక్షల ఫీజులు చాలా కంపెనీలు తామే కడతాయి. మాస్టర్స్‌కి డబ్బు కుదరకపోయినా ఇది ఒక పూర్తి స్థాయి కెరీరే, అందుకే ఆ పరీక్ష ఫీజుల్ని ఇప్పుడే బడ్జెట్‌లో కలపండి.

అడ్మిషన్ ఫీజు కట్టేలోపు అమ్మాయిని కూర్చోబెట్టి రియల్ అనాలిసిస్ మొదటి చాప్టర్ ఒక వారం చదవమనండి, రూట్ 2 భిన్నంగా రాయలేమని ప్రూఫ్ రాసి మీకు వివరించమనండి, మీకు మ్యాథ్స్ రాకపోయినా పర్లేదు, తను చెప్పేటప్పుడు ముఖంలో ఉత్సాహం ఉందో విసుగుందో మీకే తెలుస్తుంది. ఉత్సాహం ఉంటే రెండు సిలబస్‌లు, లోన్ ఆఫర్ కాగితం నాకు పంపండి, వడ్డీ ఫ్లోటింగా ఫిక్స్‌డా, చదువుతుండగా సింపుల్ వడ్డీయా చక్రవడ్డీయా చూసి మీ నెలవారీ వాయిదా ఎంత పెట్టుకోవాలో లెక్కేసి చెప్తాను.