పాతకాలపు చేతిపని తీరులో రాక్ పత్రిక: ముందు యంత్రాన్ని నిర్ణయించుకోండి

మీరు మిత్రులతో కలిసి రాక్ సంగీతంపై ఒక చిన్న పత్రిక తెస్తున్నారని, అది 1970ల నాటి చేతితయారీ పత్రికలా ఉండాలని టైప్‌రైటర్ ఫాంటు, నలిగిన కాగితపు నేపథ్యం, గీతలు పడినట్టు చూపే ఫిల్టరు వాడినా కృత్రిమంగానే కనిపిస్తోందని రాశారు. సిద్ధం చేసిన ముఖచిత్రాన్ని కూడా మార్చాలా అని అడిగారు. ఇటువంటి పత్రికకే అయిదేళ్లుగా నేను పేజీలు కూరుస్తున్నాను. మా మొదటి సంచికను నేనూ పూర్తిగా కంప్యూటర్‌లోనే చేశాను, మీరు చెప్పిన ఫలితమే నాకూ వచ్చింది.

ఆ పాత పత్రికల రూపానికి మూలం వాటిని అచ్చువేసిన యంత్రం. 1966లో అమెరికాలో కళాశాల విద్యార్థిగా ఉన్న పాల్ విలియమ్స్ ప్రారంభించిన రాక్ పత్రిక ‘క్రాడాడీ’ మొదట సైక్లోస్టైల్ (స్టెన్సిల్ గుండా సిరాను కాగితంపైకి దించే యంత్రం) మీద వెలువడింది. స్టెన్సిల్‌పై టైపు చేసిన అక్షరం ఆ పద్ధతిలో చక్కగా వస్తుంది, ఫొటో రాదు. అదే సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ‘ఒరాకిల్’ పత్రిక ఆఫ్‌సెట్ యంత్రంపై అచ్చయ్యేది. సిరా తొట్టిలో రెండు మూడు రంగులను పక్కపక్కనే పోసి, అవి అంచుల దగ్గర ఒకదానిలో ఒకటి కలిసేలా చేయడం వల్ల దాని పేజీలకు ఇంద్రధనుస్సు ఛాయలు వచ్చాయి. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ తెచ్చిన పంక్ రాక్ పత్రిక ‘స్నిఫిన్ గ్లూ’లో వ్యాసాలు టైపు చేసినవి, శీర్షికలు లావు మార్కరుతో చేత్తో రాసినవి, ప్రతులు జిరాక్స్ తీసినవి. పదేళ్ల వ్యవధిలో వచ్చిన ఈ మూడూ మూడు వేర్వేరు రూపాలు. వీటన్నిటి గుర్తులనూ ఒకే పేజీపై పేర్చితే, కారణం చెప్పలేకపోయినా, చదువరి కన్ను ఆ పేజీని నమ్మదు. అందువల్ల మీ పత్రిక ఏ యంత్రం నుంచి వచ్చినట్టు ఉండాలో ముందుగా నిర్ణయించుకుని, ఆ యంత్రం చేయలేని పనిని మీరూ చేయకండి. మీరు కోరుతున్నది జిరాక్స్ పత్రిక అని మీ వర్ణనను బట్టి అనిపించింది కనుక మిగతా విషయం దాని గురించే రాస్తాను.

పేజీని నిజంగానే కత్తెరతో, జిగురుతో తయారుచేయండి. వ్యాసాన్ని టైప్‌రైటర్‌పై కొట్టండి. అది లేకపోతే అన్ని అక్షరాలకూ సమాన వెడల్పు ఉండే ఫాంటులో, కుడి అంచు సరిచేయకుండా ప్రింటు తీసి, కాలమ్‌లుగా కత్తిరించి, లేత నీలం పెన్సిల్‌తో గీసుకున్న గీతల వెంట తెల్లకాగితంపై అతికించండి. ఆ నీలం గీతలు నలుపు-తెలుపు నకలులో దాదాపు కనబడవు. చేయి తిన్నగా అతికించాలని ప్రయత్నించి కొద్దిగా తప్పినప్పుడు వచ్చే వంపు అర డిగ్రీయో, ఒక డిగ్రీయో ఉంటుంది. కంప్యూటర్‌లో కావాలని పెట్టే ఏడెనిమిది డిగ్రీల వంపు నటనలా ఉండటానికి కారణం, అక్కడ తిన్నగా ఉంచాలన్న ప్రయత్నమే లేకపోవడం. తప్పు పడితే వైట్‌నర్ పూసి పైన రాయండి, అంతేకాని లేని తప్పులను పుట్టించకండి.

కత్తిరించిన అక్షరాలతో శీర్షికలు కూర్చే పద్ధతిని 1977 ప్రాంతంలో బ్రిటిష్ చిత్రకారుడు జేమీ రీడ్ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బృందం కోసం చేసిన డిజైన్లు ప్రసిద్ధం చేశాయి. రోమన్ అక్షరాలు విడివిడిగా ఉంటాయి కనుక అది అక్కడ సులువు. తెలుగులో గుణింతాన్నీ ఒత్తునూ అక్షరంతో కలిపి ఒకే ముక్కగా కత్తిరించాలి. ఈ సంగతి నాకు రెండో సంచికలో తెలిసింది. ‘డ్రమ్స్ వెనుక మనిషి’ అనే శీర్షికకు సరిపడే ‘డ్ర’ ఎక్కడా దొరక్క, ‘డ’ ఒకచోట, క్రావడి (ర ఒత్తు) మరొకచోట కత్తిరించి అతికించాను. పేజీని యంత్రం అద్దంపై బోర్లించినప్పుడు గోరంత ఉన్న ఆ క్రావడి ఊడిపోయింది, నలభై ప్రతులు ‘డమ్స్’ అని వచ్చాక గాని నేను చూడలేదు. వాటన్నిటిపైనా క్రావడిని పెన్నుతో దిద్దాను. అప్పటి నుంచి అతికించిన పేజీని నేరుగా అద్దంపై పెట్టకుండా, ముందు ఒక నకలు తీసి, దానినే మూలప్రతిగా వాడుతున్నాను. ఒత్తులు కింది వరుసలోకి దిగుతాయి కనుక శీర్షికలో రెండో వరుస ఉంటే మధ్యలో మీరు అనుకున్నదానికంటే ఎక్కువ చోటు వదలండి.

ఫొటోల విషయంలో ఓపిక అవసరం. వేదిక మీద తీసిన ఫొటోలో చీకటి ఎక్కువగా ఉంటుంది, దాన్ని అలాగే నకలు తీస్తే గిటారు, చేయి, నేపథ్యం కలిసిపోయి నల్లటి మచ్చగా మిగులుతాయి. నేను ముందుగా ఫొటోను కాస్త వెలుగు పెంచి, అంగుళానికి 50 నుంచి 65 గీతల హాఫ్‌టోన్‌గా, అంటే వరుసలుగా అమరిన చిన్నాపెద్దా నల్లచుక్కలుగా మార్చి, పేజీలో పడే కొలతలోనే ప్రింటు తీసి అతికిస్తాను. చుక్కలు కంటికి తెలిసేంత పెద్దవిగా ఉండటం వల్ల నకలు తీసినా ముఖం పోదు. ఇంకా మొరటుగా కావాలంటే నకలుకు నకలు తీయండి: ఒక్కోసారికి బూడిదఛాయలు తగ్గి, నలుపు తెలుపు మాత్రమే మిగులుతూ వస్తాయి. మూడోసారి వచ్చేది నాకు చాలా ఇష్టం. అయిదోసారికి కళ్లు కనబడవు. వ్యాసం ఉన్న ముక్కలను మాత్రం ఇలా పదేపదే నకలు తీయవద్దు, ఎందుకంటే మీ పత్రికను చివరి వరకూ చదివించవలసినవి ఆ అక్షరాలే. ముక్కల అంచుల వెంట పడే సన్నని నల్లగీతలను అలాగే ఉంచి, అక్షరాలను తాకే చోట మాత్రం వైట్‌నర్‌తో చెరపండి.

స్కాన్ చేసి దాచుకోవాలనుకుంటే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, కాకపోతే స్కానర్‌లో తనంతట తాను మరకలు తుడిచే ఏర్పాటును ఆపివేయండి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. పదహారు పేజీల పత్రికలో, మధ్యకు మడిచే కాగితానికి ఒకే పక్కన వచ్చే రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ పదిహేడే: 16తో 1, 2తో 15. ముందు ఖాళీ కాగితాలు మడిచి, అంకెలు వేసి ఒక డమ్మీ చేసుకోండి. యంత్రం కాగితం అంచు దాకా అచ్చువేయదు కనుక చుట్టూ సెంటీమీటరు వదలండి.

ఇక ముఖచిత్రం. ఇప్పుడు చేసినదాన్ని పక్కన పెట్టి, లోపలి పేజీలన్నీ అయ్యాక కొత్తగా చేయమని నా సలహా. అప్పటికి మీ యంత్రం నలుపును ఎలా పోస్తుందో మీకు తెలుస్తుంది, బల్లమీద వాడని ఫొటో నకళ్లూ, శీర్షిక ముక్కలూ మిగిలి ఉంటాయి. మా మూడో సంచిక అట్టపై ఉన్నది డ్రమ్మర్ ఫొటోలో మేము కత్తిరించి పక్కన పడేసిన భాగం, కర్ర పట్టుకున్న చేయి. దాన్ని రెండింతలు పెద్దది చేసి, పసుపు కాగితంపై నలుపులో తీశాము.