చదువుకునే మూలా? ముందు దోమల సంగతి చూడండి

చిన్న ఇంట్లో, ఎక్కువ ఖర్చు లేకుండా, హాయిగా కూర్చుని పుస్తకం చదువుకునే మూల ఎలా ఏర్పాటు చేసుకోవాలి అని అడిగారు. బీన్ బ్యాగ్ మంచిదా, కుర్చీ మంచిదా అని కూడా అడిగారు. రెండోదానికి నా దగ్గర గట్టి జవాబు ఉంది కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను. బీన్ బ్యాగ్ కొనకండి. నెల్లూరులో ఉండేవాళ్లయితే దాని బొమ్మ కూడా చూడకండి.

మాది వేదాయపాళెం. మేడ మీద రెండు గదులు, హాలు, తూర్పున సన్నటి వరండా. అమ్మ వరసగా మూడేళ్లు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువుకి పోయి, ఇల్లు రావాలని కోరుకుని ఇల్లు రొట్టె పట్టుకుంటే కుదిరిన ఇల్లు ఇది. కోరిక తీరినాక మళ్లీ పోయి తను కూడా రొట్టె ఇచ్చి వచ్చింది. ఇల్లయితే వచ్చింది గానీ, ఆ రొట్టెలో పుస్తకాల గది లేదు. ఉండేది ఆరుగురం: నాయన, అమ్మ, మేమిద్దరం, మా ఇద్దరు పిలకాయలు. ఇందులో నేను ప్రశాంతంగా చదువుకునే చోటు చాలాకాలం బాత్రూమ్ ఒక్కటే. దానికీ అయిదు నిమిషాలకోసారి తలుపు తట్టేవాళ్లు.

ఆ బాధలో ఉన్నప్పుడు ఫోనులో ఫోటోలు కనపడ్డాయి. తెల్లటి గోడ, చిన్న బల్బుల దండ, బీన్ బ్యాగ్, దాని మీద ఊలు దుప్పటి, పక్కన పొగలు కక్కే కాఫీ. ఊలు దుప్పటేందో, ఎవరికో, నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనకి జనవరిలో కూడా ఫ్యాను ఆపితే దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. అయినా మనసు లాగింది. ఆర్డర్ పెట్టేశాను.

వచ్చిన ప్యాకెట్టు చొక్కా ప్యాకెట్టంత ఉంది. విప్పితే ఖాళీ సంచి. "ఏందిరా ఇది, స్కూటరు మీద కప్పేదా?" అన్నాడు నాయన. మళ్లీ ఫోను తీసి చూస్తే కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, లోపల పోసే ఉండలు విడిగా కొనుక్కోవాలని. తొమ్మిది వందలు పోసింది కవరుకి. ఉండలకి ఇంకో ఆరు వందలు. రెండు కిలోలంటే ఏమాత్రం ఉంటాయిలే అనుకుంటే, వడ్ల బస్తా అంత మూట దిగింది.

దాన్ని హాల్లో పడమటి గోడకి ఆనించి పెట్టాను. మార్చి నెల. రెండు గంటలు మధ్యాహ్నపు ఎండ తాగిన గోడ రాత్రి పది దాకా ఆ వేడి కక్కుతూనే ఉంటుంది, ఆ సంగతి అప్పుడు తట్టలేదు. రెక్సిన్ వీపుకి అతుక్కునేది. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇచ్చి లాగాలి. కూర్చున్నాక పుస్తకం పొట్ట మీద, గడ్డం ఛాతీ మీద. అరగంటకి మెడ పట్టేసేది. అయినా డబ్బు పెట్టాం కదా అని హాయిగా ఉన్నట్టు మొహం పెట్టుకుని పదిహేను రోజులు కూర్చున్నాను.

వేసవి సెలవలకి మా చెల్లెలు కావలి నించి వచ్చింది, ఏడేళ్ల కొడుకుతో. ఆ రోజు ఆదివారం. అమ్మ చేపల పులుసు పెట్టి, చల్లారాలని మూత తీసి వంటింటి గట్టు మీద ఉంచింది. నేను అంగడికి పోయి వచ్చేసరికి వాడు బీన్ బ్యాగ్ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. "మామా, ఇందులో ఏందుండాయి?" అన్నాడు. థర్మోకోల్ ఉండలురా అన్నాను. అంతటితో ఆగుంటే బాగుండేది. జిప్పుకి లాగే పిడి లేదు, పిలకాయలు తియ్యకుండా కంపెనీవాళ్లే తీసేస్తారు అని కూడా గొప్పగా చెప్పాను. స్నానానికి పోయాను. వాడు వాళ్లమ్మ గాజులకున్న పిన్నీసు ఊడదీసి, జిప్పు కంతలో దూర్చి, ఒక్క లాగు లాగాడు. పైన ఫ్యాను అయిదు మీద తిరుగుతోంది.

అది చూడాల్సిందే గానీ చెప్తే తెలిసేది కాదు. నేను తువ్వాలుతో బయటికొచ్చేసరికి హాల్లో మంచు పడుతోంది. నెల్లూరులో, మే నెలలో. పిలకాయలు ముగ్గురూ దాంట్లో గెంతుతున్నారు. నాయన కళ్లజోడు మీద, కనుబొమల మీద తెల్లటి చుక్కలు. మా ఆవిడ చీపురు తెచ్చింది. చీపురు దగ్గరికి పోతే ఉండలు పరిగెత్తుతాయి, చీపురు వెనక్కి తీస్తే దాన్నే పట్టుకుని వస్తాయి. గోడకి అతుక్కుంటాయి, కాళ్లకి అతుక్కుంటాయి, దులిపితే ఆ చేతికి అతుక్కుంటాయి. ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచలేదు, చివరికి నాయనే లేచి ఆపాడు. కింద ఇంటివాళ్ల దగ్గర వ్యాక్యూమ్ క్లీనర్ తెస్తే, దాని గొట్టం బయట కూడా ఇవే అతుక్కున్నాయి. తడి దుప్పటి నేల మీద పరిచి, మడిచి, మళ్లీ పరిచి ఎత్తితే కొంత దారికొచ్చింది. ఎవరికైనా ఈ గతి పడితే తడి బట్ట ఒక్కటే మార్గం, రాసి పెట్టుకోండి.

అన్నానికి కూర్చున్నాం. అమ్మ పులుసు వడ్డిస్తూ, "చేపకి గుడ్లున్నట్టుండాయే, కోసేటప్పుడు చూసుకోలేదు" అంది. ఎవరం మాట్లాడలేదు. ఆ పూట పెరుగన్నమే.

అయిదు నెలల తర్వాత కూడా దసరాకి దేవుడి పటాలు దించి తుడుస్తుంటే వెనకనించి నాలుగు ఉండలు రాలాయి.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. మూల అంటే సామాను కొనడం కాదు. ముందు గాలి ఎటునించి వస్తుందో చూసుకోవాలి. మన దగ్గర ఎండాకాలం పొద్దుటి నించి పడమటి గాలి కొడుతుంది, కొలిమి మూత తీసినట్టు. మధ్యాహ్నం రెండో మూడో అయ్యాక ఎప్పుడో తూర్పు తిరుగుతుంది. మైపాడు సముద్రం మనకి పాతిక కిలోమీటర్లు కూడా లేదు. ఆ గాలి ఊళ్లోకి వచ్చిందంటే మనిషి లేచి కూర్చుంటాడు. రోహిణి కార్తెలో కొన్ని రోజులు పడమటి గాలి దాన్ని సాయంత్రం దాకా రానివ్వదు, అది వేరే ఖర్మ. కాబట్టి తూర్పు కిటికీ గానీ వరండా గానీ ఉంటే ఇంకేం ఆలోచించకండి, అదే మీ మూల. పడమటి గోడ పక్కన మాత్రం వద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. ఇళ్లు కట్టించేవాళ్లు వాస్తు పేరుతో మూల మూలకీ లెక్క చెప్తారు, మనిషి మధ్యాహ్నం యాడ కూర్చోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు.

తూర్పుకి ఒక తంటా ఉంది. అక్టోబరు నించి డిసెంబరు దాకా మన వానలు కూడా అటునించే వస్తాయి. జల్లు సరిగ్గా కుర్చీ మీదే కొడుతుంది. నేను వెదురు తడిక కట్టాను, తాడు లాగితే చుట్టుకునేది. తుఫాను రోజుల్లో మాత్రం కుర్చీ హాల్లోకి లాగాల్సిందే.

కుర్చీ అంటే పడక కుర్చీ. నా లెక్కలో దాన్ని మించింది ఇంతవరకూ పుట్టలేదు, సోఫాలవాళ్లు ఏమైనా చెప్పుకోనీ. గుడ్డలోంచి గాలి ఆడుతుంది, చెమట పట్టదు. వెనక గాడిలో కర్ర మార్చుకుంటే మూడు రకాలుగా వాలుతుంది. మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనితే పుస్తకం సరిగ్గా కళ్ల ఎదురుగా నిలబడుతుంది, మెడ వంచే పనే లేదు. మాది తాత కుర్చీ, బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా పల్లెలో అటక మీద పడి ఉండేది. చిన్నప్పుడు తాత కూర్చోబోయే ముందు కింది కర్ర లాగేసి, ఆయన దబ్బున పడితే నవ్వి, తన్నులు తిన్న కుర్చీ. చట్రం టేకుది, చెక్కు చెదరలేదు. గుడ్డ మాత్రం చేత్తో పట్టుకుంటే పొడి అయింది. ఆటో మీద కట్టి తెచ్చాను. కేన్వాసు గుడ్డ మూడు వందల యాభై. మొదట మామూలు దర్జీ దగ్గర కుట్టించాను. మొదటి రోజే మా బావమరిది కూర్చున్నాడు, కర్ర దూరే మడత దగ్గర పర్రుమంది. మనిషి నేల మీద, కాళ్లు కుర్చీలో. ఆయన నాలుగు నెలలు మా ఇంటికి రాలేదు. రెండోసారి మోటారు సైకిలు సీట్లు కుట్టే అంగడికి తీసుకుపోతే, నైలాన్ దారంతో మూడు వరసలు వేసి నూటయాభై తీసుకున్నాడు. ఇప్పటికి మూడేళ్లు, కదల్లేదు. కాబట్టి గుడ్డ ఎవరిదైనా సరే, కుట్టు మాత్రం సీట్లవాడి దగ్గరే.

ప్లాస్టిక్ వైరు కుర్చీ చవకని దానికి పోవద్దు. అల్లిక సందుల్లోంచి దోమలు కిందనించి కుడతాయి. ఎక్కడ కుట్టిందో పదిమందిలో గోక్కోను కూడా గోక్కోలేం.

దోమల మాట వచ్చింది కాబట్టి చెప్తాను, నా ఉద్దేశంలో నెల్లూరులో చదివే అలవాటు తగ్గడానికి సెల్‌ఫోను కారణం కాదు, దోమలే. సాయంత్రం ఆరు నించి ఎనిమిదిన్నర దాకా, అంటే ఉద్యోగస్తుడికి ఖాళీ దొరికే టయానికే, అవి కూడా డ్యూటీ ఎక్కుతాయి. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో బ్యాటు పట్టుకుని ఎవరు చదువుతారు? దోమల చుట్ట పెడితే పొగకి కళ్లు మంట. నేను వరండాకి మొత్తం వెల్‌క్రో మెష్ వేయించాను. బీన్ బ్యాగ్ వదిలేస్తే అన్నింటికన్నా ఎక్కువ ఖర్చు దానికే, పన్నెండు వందలు. కుర్చీకన్నా ముందు చెయ్యాల్సింది అది. కుర్చీ వెనక బట్టలు ఆరేసే తీగ ఉంటే అది కూడా తీసేయండి, వేలాడే బట్టల్లో నక్కి ఉంటాయి.

లైటు గురించి పెద్దగా చెప్పేది లేదు. ట్యూబులైటు వీపు వెనక ఉంటే మన తల నీడ సరిగ్గా పేజీ మీద పడుతుంది. ఎడమ భుజం పక్కనించి వచ్చేట్టు తొమ్మిది వాట్ల పసుపు బల్బు చాలు, మూడు వేల కెల్విన్ అని పెట్టె మీద చూసి తీసుకోండి. బల్బుల దండ మాత్రం వినాయక చవితికి దాచుకోండి.

పుస్తకాల బీరువా మూలలోనే ఉండాలని లేదు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిన్న రోజుల్లో, మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. అయినా ఉత్తరపు గోడ చెమ్మకి గోడనానుకుని ఉన్న అర మొత్తం బూజు పట్టింది. వారపత్రికల సీరియల్ కాగితాలు కత్తిరించి మా అత్త బైండు చేయించిన పుస్తకాలు అట్టతో అట్ట అతుక్కుపోయాయి. అప్పటినించి బీరువాని గోడకి నాలుగు వేళ్లు ఎడంగా, నేలకి అడుగు ఎత్తున పెట్టాను. అమ్మ ఎండు వేపాకు, వస కొమ్ము వేస్తుంది, నేను కలరా ఉండలు వేస్తాను. ఎవరి మందుకి పురుగు పోతోందో తేలలేదు.

ఇక మనుషులు. దీనికి కుట్టు లేదు, మెష్ లేదు. చేతిలో ఫోనుంటే ఏదో పనిలో ఉన్నాడనుకుంటారు. చేతిలో పుస్తకం ఉంటే "ఖాళీగానే ఉండావు గదా, కాస్త గ్యాసు బండ మార్చు" అంటారు. వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకసారి పాత పత్రికల కోసం పోయాను. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నించి బాపట్ల జిల్లా. 1918లో మొదలైన గ్రంథాలయం, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేసిన చోటు. మూడు గంటలు మామూలు కుర్చీలో నిటారుగా కూర్చుని చదివాను, నడుం నొప్పి తెలియలేదు. నన్ను బండ మార్చమన్నవాడు లేడు మరి. ఇంట్లో నేను చేసిందల్లా ఒకటే. రాత్రి తొమ్మిదిన్నర నించి పదిన్నర దాకా వరండా తలుపు దగ్గరగా వేస్తే పిలవకూడదని ఒప్పందం. వారంలో నాలుగు రోజులు నిలబడుతుంది.

మిగతా టయంలో ఆ కుర్చీ నాయనది. పేపరు మొహం మీద వేసుకుని, మధ్యాహ్నం తూర్పు గాలి తిరిగిందంటే చాలు, గురక వినపడుతుంది. లేపితే "చదువుతున్నా" అంటాడు.

బీన్ బ్యాగ్ కవరు ఇంకా అటక మీదే ఉంది. ఇంత చెప్పినా కావాలంటే వచ్చి తీసుకుపోండి, డబ్బులు వద్దు. ఉండలు మాత్రం మీరే కొనుక్కోవాలి.