ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగారంటే అక్కడితో ఆపేయండి

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ అయిపోయింది, వాట్సాప్ చాట్‌లోనే ఇంటర్వ్యూ చేసి, హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్ పంపారు, ల్యాప్‌టాప్ డిపాజిట్ 8,500 కట్టమంటున్నారు, జాయినయ్యాక తిరిగిస్తారట, కట్టొచ్చా అని. ఆధార్, పాన్ కాపీలు కూడా పంపేశానన్నారు.

కట్టకండి. ఇవాళే ఆఖరు గడువన్నా, మీ పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నా సరే, కట్టకండి.

నేను హైదరాబాద్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. మా కంపెనీ పేరుతో ఎవరో తయారుచేసిన లెటర్లు పట్టుకుని పిల్లలు గేటు దాకా రావడం చాలాసార్లు చూశాను. ఒకసారి కరీంనగర్ వైపు నుంచి ఒకబ్బాయి వాళ్ల నాన్నతో కలిసి లగేజీతో సహా వచ్చేశాడు, హాస్టల్ కూడా మాట్లాడుకున్నారట. లెటర్‌లో మా లోగో, అడ్రస్, కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్ అన్నీ సరైనవే, అవి నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. జీతం మాత్రం నెలకి ఇంత అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, బేసిక్ ఎంత, హెచ్‌ఆర్‌ఏ ఎంత, పీఎఫ్ ఎంత కట్ అవుతుంది అన్న లెక్కే లేదు. మెయిల్ ఐడీ మా కంపెనీ పేరుతో మొదలై జీమెయిల్‌తో ముగుస్తోంది. "డబ్బు కట్టిన రసీదు కూడా ఉందమ్మా" అని వాళ్ల నాన్న ఫోన్ చూపిస్తే, ఆ డబ్బు వెళ్లింది ఎవరో మనిషి పేరు మీదున్న యూపీఐకి. ఆ పెద్దాయనకి విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకే లెటర్ చూసి అసలుదో నకిలీదో తేల్చుకుందామనుకోకండి. కంపెనీ వెబ్‌సైట్ మీరే వెతికి తెరిచి, ఆ ఉద్యోగం కెరీర్స్ పేజీలో ఉందేమో చూడండి, అక్కడున్న నంబర్‌కో మెయిల్‌కో అడగండి. లెటర్ మీదున్న నంబర్‌కి చేస్తే ఎత్తేది వాళ్లే. మాకు ఇలాంటి మెయిల్స్ వస్తూనే ఉంటాయి, మొహమాటపడకండి. ల్యాప్‌టాప్ కంపెనీయే ఇస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఖర్చూ కంపెనీదే. మనిషి మొహం కూడా చూడకుండా చాట్‌లో నాలుగు ప్రశ్నలడిగి గంటలో సెలెక్టయ్యారు అనే కంపెనీ నా ఉద్యోగంలో ఒక్కటీ తగల్లేదు. పైగా 8,500తో ఆగదు, తర్వాత ట్రైనింగ్ ఫీజంటారు, ఆ తర్వాత ఇంకోటి, అప్పటికే కట్టింది పోతుందేమోనన్న టెన్షన్‌తో మనమే కడుతూ పోతాం.

ఇంటి దగ్గర డేటా ఎంట్రీ అనే వాళ్లది ఇంకో పద్ధతి. ముందు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుని, పనంతా చేయించుకున్నాక తప్పులు ఎక్కువున్నాయి, జరిమానా కట్టకపోతే కేసు వేస్తాం అని కోర్టు నోటీసులా ఉండే పీడీఎఫ్ పంపుతారు. ఆడపిల్లలు ఇంట్లో చెప్పలేక భయపడి కట్టేస్తున్నారు, అదే నాకు ఎక్కువ బాధ. లైకులు, రేటింగులు లాంటి చిన్న పనులకి డబ్బిస్తామనే టెలిగ్రామ్ టాస్కుల్లో ముందు 150, 200 నిజంగానే వేస్తారు, తర్వాత వేలల్లో కట్టించుకుంటారు. ఆ గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేది కూడా వాళ్ల మనుషులే.

విదేశాల్లో ఉద్యోగమంటే ఇంకా జాగ్రత్త. డేటా ఎంట్రీ అని నమ్మించి విశాఖ వైపు నుంచి కంబోడియా తీసుకెళ్లిన కుర్రాళ్ల చేత అక్కడ సైబర్ మోసాలే చేయించిన సంగతి 2024లో బయటపడింది. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా 30,000, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు.

ఇక మీ ఆధార్, పాన్ సంగతి. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి, మీకు తెలియని లోన్ ఏమైనా వచ్చిందేమో మన లోన్ల వివరాలుండే సిబిల్ రిపోర్ట్ అప్పుడప్పుడు చూస్తూ ఉండండి, ఏడాదికొకసారి ఉచితంగానే ఇస్తారు. చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు, వాళ్లిచ్చిన యూపీఐ ఐడీ దాచిపెట్టుకుని ఆ తర్వాతే బ్లాక్ చేయండి. ఈలోపు ఇంట్లో ఎవరైనా కట్టేసి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, డబ్బు వాళ్ల ఖాతా నుంచి బయటికి పోకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.